పదమూడు రోజుల పంతం

“క్రిస్మస్‌ని జనవరి ఏడు నుంచి డిసెంబర్ ఇరవై అయిదుకి మార్చాలంటే ముందు నన్ను పాతిపెట్టండి” అంది పరస్కా.

కెనడాలో, ఆల్బర్టాలోని ఆ చిన్న ఉక్రేనియన్ చర్చిలో ఆదివారం ప్రార్థన అయ్యాక ఓటుకి కూర్చున్నారు. పాత క్యాలెండర్ పదమూడు రోజులు వెనకబడిందనీ, ప్రభువు పుట్టిన తేదీ బైబిల్లో ఎక్కడా లేదనీ, రెండూ మనుషులు పెట్టుకున్నవేననీ ఫాదర్ మెఫోడీ ఓపిగ్గా చెబుతున్నాడు.

“తేదీయే లేనప్పుడు ఉన్నదాన్ని కదపడం దేనికి ఫాదర్? డిసెంబర్ పండగ బజారుది. మనది దేవుడిది.”

అసలు ప్రభువు పుట్టింది చలికాలమైతే, బైబిల్లో గొర్రెల కాపరులు ఆ రాత్రి పొలాల్లో ఎందుకుంటారని వెనకనుంచి ఎవరో గొణిగారు. తన తాత ఇక్కడే మంచులో గొర్రెలు కాశాడనీ, కారులో హీటరు లేనిదే గడప దాటనివాళ్లకి అది తెలియదనీ పరస్కా వాళ్ల నోరు మూయించింది.

ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటుంది, లేస్తుంది, తలగుడ్డ ముడి విప్పి మళ్లీ కడుతుంది. పక్కనున్న ఉస్తినా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

“ఎందుకే అంత ఆయాసం? ఏ రోజైతేనేం?”

“నీకేం, నీ కూతురు ఎదురింట్లోనే ఉంది” అంది పరస్కా గొంతు తగ్గించి. “మావాడు ఇరవై అయిదున కాల్గరీలో అత్తారింట్లో తింటాడు. ఏడున నా దగ్గరికొస్తాడు. రెండూ ఒకరోజైతే ఇంకెవరొస్తారు? పండగ రాత్రి చనిపోయినవాళ్లకని బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతాం కదా, నా ఇంట్లో అన్నీ ఖాళీయే.”

మళ్లీ లేచింది. ఇరవై అయిదున తన పొయ్యి మీద పండగ వంట వండితే తన పేరు పరస్కా కాదని శిలువ ముందు నిలబడి ఒట్టేసింది. ఆ ఒట్టుతో సగం సభ మనసు కరిగింది. చేతులు లెక్కపెడితే రెండు ఓట్ల తేడాతో జనవరి గెలిచింది.

పరస్కాకి గెలిచినా కుదురు లేదు. మార్చమని అడిగిన ఆ మహానుభావుడెవరో చెప్పి తీరాలని పట్టుబట్టింది. ఊళ్లోవాళ్లెవరూ కాదనీ, ఓటు అయ్యేదాకా పేరు బయటపెట్టొద్దన్నారనీ నసిగి, ఫాదర్ జేబులోంచి ఉత్తరం తీసి చదివాడు.

“‘ఈ ఏడాది పాపని బడిలో వేశాం, సెలవులు ముందే అయిపోతాయి, జనవరి ఏడుకి ఇక రాలేం. పండగ ఇరవై అయిదుకి మారితే మా అత్తమామలు కూడా మాతోపాటే వస్తామన్నారు.’”

“చూశారా, అత్తమామల మాట మీద నడిచేవాడికోసం పండగ మార్చాలట” అని నవ్వింది పరస్కా. “ఎవరి కొడుకో, ఆ తల్లి ఖర్మ.”

ఫాదర్ ఉత్తరం మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

“మీ అబ్బాయి ఒస్టాపేనమ్మా. మీకు ముందే చెప్పొద్దన్నాడు, ఓటు అయ్యాక తెలిస్తే మరీ సంతోషిస్తారని.”