ఆగని మగ్గాలు

పొద్దున్నుంచి శారదమ్మ చెవులు మగ్గాల మీదే ఉన్నాయి. నేత వాడలో ఒక్క మగ్గమూ ఆగలేదు.

వాడలో ఎవరైనా పోతే మగ్గాలు ఆపాలి. శవం పొలిమేర దాటేదాకా అడ్డపోగు వేసే నాడె కదపకూడదు. ఆమె భర్త పోయిన రోజు ఏడుపులు తప్ప వాడంతటా మరో చప్పుడు లేదు.

ఈరోజు ఎవరో పోయారు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. కానీ కళ్ళున్నాయి కదా! నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళ మొహాలు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. ఆమెను చూడగానే మాటలు మింగేశారు. చేనేత సంఘం ఆఫీసు వెనక టెంటు కర్రలు దింపుతున్నారు.

పోయిందెవరో ఊహించడం కష్టమేమీ కాదు. ముసలి వెంకటనర్సు మంచాన పడి ఏడాదవుతోంది. ఎందుకు దాస్తున్నారో ఊహించడం ఇంకా తేలిక.

ఆ వాడ ఏళ్ళుగా సైన్యానికి గుడ్డ నేస్తోంది. గాయాలకు కట్టే పల్చటి తెల్లగుడ్డ. పోయినేడు ఢిల్లీలో సైన్యం ఖర్చు తగ్గించారట. ఆ కోత తిన్నగా వచ్చి ఈ వాడ మీద పడింది. సగం మగ్గాలకు సాలెగూళ్ళు పట్టాయి. మగవాళ్ళు నార్కట్‌పల్లి హోటళ్ళలో ప్లేట్లు కడగడానికి పోయారు. రామమ్మ చాయ్ బండి మూతపడింది. ఇన్నాళ్ళకు ఒక చిన్న ఆర్డరు వచ్చింది. రేపు పొద్దున లారీకి ఎక్కించకపోతే అదీ పోతుంది.

అందుకని శవాన్ని దాచిపెడతారా? శారదమ్మ కొంగు బిగించింది.

తిన్నగా వెంకటనర్సు ఇంటికి వెళ్ళింది. మనవరాలు రూప గుమ్మానికి అడ్డం నిలబడింది.

“తొలుగు పిల్లా. తాతను జూడాలె.”

“పండుకున్నడవ్వా. ఇప్పుడొద్దు.”

“మళ్ళ లేస్తడా?”

రూప మొహం తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. శారదమ్మకు జవాబు దొరికింది.

అక్కడినుంచి సంఘం ప్రెసిడెంటు నరహరి ఇంట్లోకి జొరబడింది. అతను గుంటమగ్గంలో కూర్చుని నేస్తూనే ఉన్నాడు.

“ఏం నరహరీ, పీనుగను గూడ బేరానికి పెడ్తివా?”

నరహరి చేతిలో నాడె తడబడింది. “ఏమంటున్నవ్ వదినె?”

“నర్సు మామ పోయిండా లేదా? గది చెప్పు.”

నరహరి భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. అతను మళ్ళీ నాడె అందుకున్నాడు.

“పోయిండు వదినె. ఎవ్వలకు చెప్పకు. ఆర్డర్ పోతది.”

“థూ! నాడె పట్టుడు నేర్పినోడు గదరా! గా మనిషి చల్లబడి పండుకుంటే నీ చెయ్యెట్ల ఆడుతాంది? గింత తిండికి లేకుంటే మన్ను బుక్కుండ్రి.”

“తిట్టు వదినె. ఎంతన్న తిట్టు.”

“తిట్టుడేంది, నీ పడుగు కోస్త! నడివాడల నిలబడి అందరికీ ఇనబడేటట్టు ఒర్లుత!”

ఆమె చూరులోని కొడవలి అందుకుంది. నరహరి గుంటలోంచి ఒక్క ఉదుటున లేచి వచ్చి ఆమె కాళ్ళ మీద పడ్డాడు.

“జర పొద్దుగూకేదాక ఆగు వదినె. గప్పుడు అన్ని మగ్గాలు మేమే ఆపుతం. నీకేం ఫికర్, నీ కొడుకు అమరేందర్ నెలనెలా పంపుతడు. మా పొయ్యిలు...”

మాట మధ్యలోనే అతను నేలకు తల ఆనించాడు. గట్టిగా ఏడ్చాడు.

“పైసల కోసం గింత ఏడ్చే మొగోన్ని ఇప్పుడే చూస్తున్న. ఛీ!”

శారదమ్మ కొడవలి విసిరికొట్టి వచ్చేసింది. వాళ్ళ ఖర్మ, వాళ్ళ ఆర్డరు. అతను పట్టుకున్న పాదాలను చెంబెడు నీళ్ళతో కడుక్కుంది. అయినా జిగటగానే అనిపించింది. పక్కింటి మంజుల చాయ్ తెస్తే గ్లాసెత్తి మోరీలో పారబోసింది. పొయ్యి వెలిగించలేదు. వాడలో ఒక్కరైనా చచ్చినవాడికోసం పస్తుండాలి కదా!

పొద్దుగూకుతోంది. మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. శారదమ్మ అరుగు మీద కూర్చుని ఒక్కో ఇంటినీ పేరుపెట్టి తిట్టుకుంటోంది.

అంతలో వాడ చివరినుంచి ఎవరో ఒక్కో అడుగే వేసుకుంటూ ఆమె ఇంటివైపు వస్తున్నారు. రూప భుజం పట్టుకుని, దగ్గుకుంటూ, వెంకటనర్సు.

శారదమ్మ దిగ్గున లేచింది.

“మామా! నువ్వు పోయినవన్నరు?”

ముసలాయన దగ్గరికొచ్చాడు. చెయ్యి ఆమె తల మీద పెట్టాడు.

“మరి పోయిందెవరు మామా?”

వాడ మొదట్లో మలుపు తిరిగిన సైన్యం బండి సంఘం ఆఫీసు దాటి వచ్చి శారదమ్మ గుమ్మం ముందు ఆగింది. అమరేందర్ వేసుకునే దుస్తుల్లాంటివే వేసుకున్న జవాన్లు జెండా కప్పిన పెట్టెను దించుతుండగా, వాడలోని మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.