మూడు తూటాలకు ఏ డై

అతను కౌంటర్ మీద సైన్యం వదిలించుకున్న పాత రైఫిల్ ఒకటి, గుప్పెడు ఖాళీ తూటా గొట్టాలు పెట్టి, వీటికి ఏ డై కొనాలో చెప్పమన్నాడు.

ఆర్డిస్ కళ్ళజోడు సర్దుకుంది. మోంటానాలోని ఆ చిన్న ఊళ్ళో గుర్రాల దాణా, మేకులు, తుపాకీ మందు అన్నీ ఆవిడ కొట్లోనే దొరుకుతాయి. అక్కడి మగవాళ్ళు పెళ్ళిరోజు మర్చిపోతారు గానీ తమ రైఫిల్‌కి ఏ డై పడుతుందో మర్చిపోరు.

ఒకసారి పేలిన గొట్టం ఉబ్బుతుంది. దాన్ని డై అనే ఉక్కు అచ్చులో పెట్టి నొక్కి, పాత కొలతకు తెచ్చి, మళ్ళీ మందు పోసి గుండు బిగిస్తారు. ఇప్పటి తూటాలు ఆ ముసలి రైఫిళ్ళకు మరీ ఘాటు. అందుకని ముచ్చటపడి కొనుక్కున్నవాళ్ళు తూటాలు ఇంట్లోనే చేసుకుంటారు. ఏ డై అన్నది రైఫిల్‌ని బట్టి, దాంతో చేసే పనిని బట్టి ఉంటుంది.

అందరినీ అడిగేదే ఇతన్నీ అడిగింది.

"ఏం వేటాడతావు బాబూ?"

"వేట కాదమ్మా."

"పోనీ, ఎంత దూరం కొట్టాలి?"

"దూరంతో పనిలేదు. గురితో కూడా."

ఎన్ని చేసుకుంటావని అడిగింది. ఎవరైనా వందల్లో చెబుతారు.

"మూడు చాలు. మధ్యలో ఇరుక్కోకుండా ఉంటే అదే పదివేలు."

"తర్వాత?"

"తర్వాత నాకీ రైఫిల్ అక్కర్లేదు. మీరే ఉంచుకోండి."

ఆర్డిస్ అప్పుడతని మొహం చూసింది. యాభై ఉంటాయి. కోటు లావుపాటి అన్న దగ్గర అరువు తెచ్చుకున్నట్టు వేలాడుతోంది.

తుపాకులమ్మేవాళ్ళకు ఆ చుట్టుపక్కల రాయని కట్టుబాటొకటి ఉంది. ఒంటరిగా వచ్చినవాడు రేపటి మాట ఎత్తకపోతే వాడికేమీ అమ్మకూడదు. నీతులు చెప్పకూడదు. సరుకు లేదనాలి. అక్కడ నీతులు చెబితే మనిషిని అవమానించినట్టు, అబద్ధమాడితే గౌరవించినట్టు. కిందటేడు పక్క ఊరి కొట్టువాడు ఏమీ అడక్కుండా అమ్మాడు. ఆ కొనుక్కున్నవాడి అంత్యక్రియలకు వెళ్ళాక ఇక కొట్టు తెరవలేకపోయాడు.

కావాల్సిన డైలు, బిగువుగా నొక్కేవీ కాస్త వదులుగా నొక్కేవీ, రెండు రకాలూ వెనక అరలోనే ఉన్నాయి. వాటికి అడ్డంగా జరిగి నిలబడింది ఆర్డిస్.

ఈ సైన్యం రైఫిళ్ళు ఒకదాని కొలత ఒకదానికుండదనీ, లోపల కొలవకుండా డై ఎంచడం కుదరదనీ, రైఫిల్ ఇక్కడే ఉంచి గురువారం రమ్మనీ చెప్పింది. అందులో సగం నిజమే. అందుకే తడబడకుండా చెప్పగలిగింది.

రేపే కావాలన్నాడతను. ఒకరికి మాటిచ్చానన్నాడు.

ఎవరికని ఆవిడ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. బదులుగా ఆపిళ్ళు కూరి కాల్చిన పై ఒక ముక్క కోసి, కాఫీ పోసి ముందు పెట్టింది. రెండు ముద్దలు తిన్నాడు.

"గురువారం రాకపోతే ఊరుకోను. ఆ మిగిలిన ముక్క కూడా నీకే దాచి పెడతాను."

అతను టోపీ తీసి ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏదో అనబోయి, దగ్గు రావడంతో బయటికి నడిచాడు.

రైఫిల్‌ని వెనక గదిలో పెట్టి తాళం వేసింది. ఆ వారమంతా ఆర్డిస్ తనను తాను కాస్త మెచ్చుకుంది కూడా.

ఊరికే ఉండలేక రైఫిల్ లోపలి కొలత తీసింది. బిగువుగా నొక్కే రకం డై కావాలని తేలింది. తీసి కౌంటర్ కింద పెట్టింది. మనిషి తేరుకున్నట్టు కనిపిస్తే ఇద్దామని.

గురువారం అతను రాలేదు.

మర్నాడు మాజీ సైనికుల ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. ఓరిన్ అనే రోగి పోయాడట. ఊపిరితిత్తులట. కిందటి వారం ఎవరికీ చెప్పకుండా బయటికి పోయి వచ్చాడట. తన రైఫిల్‌ని ఆ కొట్టు పెద్దావిడనే ఉంచుకోమని చెప్పమన్నాడట.

"ఎలా పోయాడమ్మా?"

"నిద్రలోనే. మంచం మీదే."

ఆర్డిస్ ఫోన్ పెట్టేసి ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంది. మంచం మీదే పోయాడు. అదే చాలనుకుంది. తనవల్ల ఒక వారమైనా బతికాడనుకుంది.

సాయంత్రం శ్మశానం కాపలా చూసే వెండెల్ కంచెకు మేకుల కోసం వచ్చి, నవ్వుకుంటూ ఒక పిచ్చివాడి సంగతి ఎత్తుకున్నాడు. కిందటి వారం మంచులో ఒకడు కర్రలా బిగుసుకుని నిలబడ్డాడట. ఖాళీ చేతుల్తోనే తుపాకీ ఎత్తినట్టు ఎత్తి, నోటితో ఢాం అన్నాడట. మూడుసార్లు. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఎంతసేపు దగ్గాడంటే, మూడోది ఇక రాదనుకున్నాడట వెండెల్.

ఆర్డిస్ నవ్వలేదు.

"ఎవరి సమాధి దగ్గర?"

వెండెల్ నవ్వు ఆగిపోయింది. చేతిలోని మేకుల పొట్లం వైపు చూశాడు.

"మీ కర్ట్ దగ్గరే, అక్కా."

కర్ట్ ఆర్డిస్‌కి ఒక్కగానొక్క కొడుకు. వియత్నాం యుద్ధం నుంచి శవపెట్టెలో వచ్చాడు. సిపాయిని పాతిపెట్టేటప్పుడు మూడుసార్లు తుపాకులు పేల్చి సాగనంపుతారు. ఆ రోజు పేల్చాల్సిన సిపాయిలు రాలేదు. కుక్కని పూడ్చినట్టు పూడ్చామని ఆవిడ ఇన్నేళ్ళూ కుమిలింది. రానివాళ్ళలో ఒక్కరినీ క్షమించలేదు.

"అడిగితే చెప్పాడు," అన్నాడు వెండెల్ నెమ్మదిగా. "ఆ రోజు వాళ్ళ బండి మంచులో కూరుకుపోయి మిగతావాళ్ళంతా వెనక్కి మళ్ళారట. ఒక్కడు మాత్రం తూటాల్లేని రైఫిల్ భుజాన వేసుకుని చీకటి పడేదాకా నడిచి వచ్చాడట. అప్పటికి మనమంతా ఇళ్ళకి వెళ్ళిపోయాం, అక్కా. ఎప్పటికైనా ఆ మూడూ పేలుస్తానని మీ కర్ట్‌కి మాటిచ్చాడట. ఆ ఒక్కడూ ఇతనే."