అమ్మాయిని ఎప్పుడు రమ్మనాలి?

"మా ఆయనకి ఎలా ఉంది డాక్టరుగారూ?"

పొద్దుటి నుంచి ఆమె అదే కుర్చీలో కూర్చుని అదే ప్రశ్న అడుగుతోంది. డాక్టర్లు మారుతున్నారు గానీ జవాబు మారడం లేదు.

ఈసారి వచ్చిన కుర్ర డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "మాసివ్ ఇంట్రాసెరెబ్రల్ హెమరేజ్ అండీ. వెంటిలేటర్ మీద ఉన్నారు. ప్రస్తుతానికి హీమోడైనమికల్లీ స్టేబుల్."

ఆమెకి ఒళ్ళు మండింది. తను అడిగింది మనిషి గురించి. ఈయన అప్పజెబుతున్నది పాఠం.

"నేను పెద్దగా చదువుకోలేదు బాబూ. మామూలు మాటల్లో చెప్పండి."

"అదేనండీ, మెదడులో బ్లీడింగ్. ఎడీమా వల్ల మిడ్‌లైన్ షిఫ్ట్ కూడా ఉంది. ప్రోగ్నోసిస్ ఇప్పుడే చెప్పలేం."

పాము చావకుండా, కర్ర విరగకుండా మాట్లాడడం వీళ్ళకి ఏ బళ్ళో నేర్పుతారో! ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మా అమ్మాయి హాస్టల్లో ఉంటోంది. రైలెక్కితే తెల్లారేసరికి ఇక్కడుంటుంది. కానీ వారమంతా దానికి పరీక్షలు. ఇప్పుడే బయల్దేరమననా, పరీక్షలయ్యాక రమ్మననా? అదొక్కటి చెప్పండి చాలు."

డాక్టరు నుదురు తుడుచుకున్నాడు. గోడ గడియారం వైపు ఓ దొంగచూపు చూశాడు.

"అది మీ ఇష్టమండీ. డిటీరియరేట్ అయ్యే రిస్క్ అయితే ఉంటుంది. మేం మానిటర్ చేస్తూనే ఉన్నాం. అర్థమైందా?"

అర్థం కాలేదని ఎన్నిసార్లని చెప్పుకుంటుంది? చెప్పినకొద్దీ కొత్త మాటలు వచ్చి పడుతున్నాయి. వాటిలో ఆమెకి తెలిసిన మాట ఒక్కటే.

"స్టేబుల్ అన్నారుగా? అంటే గండం గడిచినట్టేగా? అయితే పరీక్షలయ్యాకే రమ్మంటాను."

అని అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది. 'వద్దమ్మా, ఇప్పుడే పిలిపించండి' అంటాడేమో. ఆ ఒక్క ముక్క అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

అతను హమ్మయ్య అన్నట్టు తలూపాడు. ఇంతలో గంట మోగింది. అతను ఆమెకి నమస్కారం పెట్టి, గబగబా బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె మెడికల్ స్టూడెంట్ల పరీక్ష కోసం వేసిన రోగి భార్య వేషం చాలించి, అద్దం వెనక మార్కులు వేస్తున్న ప్రొఫెసర్ వైపు తిరిగి, "ఈ స్టూడెంట్‌ని కూడా ఫెయిల్ చెయ్యండి సార్, పోయినేడాది నిజం డాక్టరుగారు కూడా నాకిలాగే తలూపారు, మా పిల్లకి వాళ్ళ నాన్న కడసారి చూపు దక్కలేదు" అంది.