బెల్టు జాగ్రత్త

"వాల్వులన్నీ వంగిపోయాయండి. ఇంజన్ మొత్తం దింపాలి," అన్నాడు మెకానిక్ అబ్బులు, ఇంజన్లో తెగిన టైమింగ్ బెల్టు చూపిస్తూ.

కిరణ్ మొహం పాలిపోయింది. కిరాయికి తిప్పే ఆ కారే ఇంటికి ఆధారం. "ముందే చెప్పొచ్చుగా అబ్బులూ?"

"మొన్న ఫోన్ చేస్తే అమ్మగారు తీశారండి. బెల్టు జాగ్రత్త, ఓసారి చూసుకోమన్నానని చెప్పమన్నాను."

పక్కనే ఉన్న కిరణ్ తల్లి మంగతాయారు ఆ తెగిన బెల్టు వంక చూసింది. "సీటు బెల్టనుకున్నాన్రా! అయినా నీకు చెప్పానుగా, బెల్టు జాగ్రత్తని."

"చెప్పావమ్మా. రోజూ చెప్పేదేగా అనుకున్నాను."

కొడుకు గొంతులో కోపం లేదు. అందుకే ఆవిడకు మరీ గుచ్చుకుంది. చినుకు పడితే గొడుగని, వంతెనెక్కితే గోదారని, పొద్దస్తమానం తాను పడే భయాల్లో ఈ అసలు మాట కూడా కలిసిపోయింది.

సామాన్ల కోసం రావులపాలెం వెళ్లడానికి కిరణ్ అబ్బులు బండి వెనక ఎక్కాడు. "హెల్మెట్టు..." అనబోయి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బండి కదిలింది. కిరణ్ అబ్బులు భుజం తట్టి ఆపించాడు.

"ఏదో అనబోయావు. ఏంటమ్మా, చెప్పు."