మంచుగోడ మీద మెట్లు

ఆ రోజు హిమాలయాల్లోని ఆ మంచుగోడ గ్యాల్జెన్‌నూ, అతనికి తాడు పట్టే కామీనీ ఎక్కనివ్వలేదు. తెల్లారితే దిగిపోవడమే. ఇన్నేళ్లూ కొండలెక్కే తెల్లదొరల సినిమాలకు కెమెరా మోసిన గ్యాల్జెన్ తొలిసారి సొంతంగా తీస్తున్న సినిమా, శిఖరం లేకుండా సగంలోనే ఆగిపోతుంది. నిద్రపట్టక, గాలి చప్పుడైనా దొరుకుతుందని కెమెరా మైకును గుడారం బయటికి చాపి, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

గాలి లేదు. ఎవరో గొడ్డలితో మంచు చెక్కుతున్నారు. టక్, టక్. హెడ్‌ఫోన్ తీస్తే నిశ్శబ్దం. పెడితే మళ్లీ టక్, టక్.

"దాయ్, పైన ఎవరో మెట్లు చెక్కుతున్నారు," అంటూ, అన్నా అని పిలిచే కామీని తట్టాడు.

"ముళ్ల బూట్లొచ్చాక మెట్లెవడు చెక్కుతాడ్రా? ఆ పని మా తాతతోనే పోయింది," అన్నాడు కామీ. "ఆ చెవిడబ్బాలు తీసి పడుకో. నీ సినిమా పిచ్చి నాకంటించకు."

కాసేపటికి కామీ గురక మొదలైంది. గ్యాల్జెన్ హెడ్‌ఫోన్ తియ్యకుండానే కెమెరాతో బయటికి వెళ్లాడు. తలదీపం వెలుగులో గోడ పాదం నుంచి చీకట్లోకి మెట్లు కనిపించాయి. పగలు అవి లేవు. వాటి మీద రాలిన మంచుపొడి ఇంకా గడ్డకట్టలేదు.

చప్పుడు ఆగింది. పైన ఎవరో ఎదురుచూస్తున్నట్టుంది.

తాడు పట్టడానికి కామీని లేపాలి. లేపితే వెళ్లనివ్వడు.

గ్యాల్జెన్ కెమెరా ఆన్ చేసి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

పైన మళ్లీ మొదలైంది. టక్, టక్.