రెండో గీత

“ఎవరతను?”

చెప్పులైనా విడవకుండా వంటింట్లోకి వచ్చి అడిగాడు. బీన్స్ తరుగుతున్న భార్య చెయ్యి ఆగింది. అతను జేబులోంచి చిన్న ప్లాస్టిక్ పట్టీ తీసి ఆమె ముందు పడేశాడు. దాని మీద రెండు ఎర్ర గీతలు.

అతను సుఖరోగాలు పట్టి చూపే కిట్లు తయారుచేసే ల్యాబులో శాస్త్రవేత్త. కొత్త పట్టీ తయారైనప్పుడల్లా జబ్బు లేని రక్తం మీద కూడా వేసి చూడాలి. అందుకు ఇంటివాళ్ళ రక్తమే తీసుకెళ్ళడం అక్కడివాళ్ళ అలవాటు. రోగం లేకపోతే ఒక్క గీతే రావాలి. భార్య రక్తానికి రెండొచ్చాయి. పట్టీ పాడైందనుకుని ఇంకోటి తీశాడు, ఆపైన కొత్త పెట్టె విప్పాడు. ఊహూ. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని, పక్కవాళ్ళతో శాంపిల్ చెడిపోయిందని చెప్పి బయటపడ్డాడు. బస్సులో ఎటు తిప్పి ఆలోచించినా తప్పు ఆమెదే అనిపించింది. ఒళ్ళు మండిపోయింది.

“పట్టీ అబద్ధం చెప్పదు” అన్నాడు. “ఆ రోగం తెచ్చే బ్యాక్టీరియా ఒంటిమీది ప్రొటీన్ నీ ఒంట్లోకి రాకపోతే, దాంతో పోరాడే యాంటీబాడీలు నీ రక్తంలో ఎలా పుడతాయి? పేరు చెప్పు. రేపే లాయరు దగ్గరికి వెళ్తాను.”

ఆమె కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. ఏడుస్తుందేమోనని చూశాడు. ఏడవలేదు.

“మీ పక్క విభాగంలో ఆ రోగానికే టీకా పరీక్షిస్తున్నారుగా. అందులో ఉండేదేమిటి?”

అతనికి అప్పుడు తట్టింది. ఆ ప్రొటీనే. టీకా వేయించుకున్నవాళ్ళకీ రెండో గీత వస్తుంది. వేరే ఎవరైనా అడిగుంటే తడుముకోకుండా చెప్పేవాడు. తన ఇంటిదాకా వచ్చేసరికి చదువంతా గాలికి పోయింది. పైగా వాలంటీర్ల పేర్లు అతని విభాగానికి తెలియనివ్వరు.

ఆ టీకా తనూ వేయించుకున్నానంది ఆమె. అతనికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. సిగ్గుతో తల వంచుకుని క్షమించమన్నాడు. టీకా విభాగానికి వాలంటీర్లు దొరకడం లేదని తను ఇంట్లో విసుక్కోవడం విని, తన కోసమే ఇంత సాహసం చేసి ఉంటుందనుకుంటే కళ్ళు చెమర్చాయి.

“నాకు ముందే చెప్పొచ్చుగా, పిచ్చిదానా. ఎప్పుడు వేయించుకున్నావు?”

ఆమె మళ్ళీ కత్తి అందుకుంది.

“ఆమధ్య మీరు సదస్సుకని ఊరెళ్ళొచ్చాక దొంగచాటుగా మింగిన మాత్రలు ఏ రోగానికో మందుల షాపులో కనుక్కున్న మర్నాడే.”