తొమ్మిదో రీలు

"ఆ రీలు దించు! అది పదోది."

ప్రొజెక్టర్ గది తలుపు తోసుకుని వచ్చిన మనిషిని చూసి ఆపరేటర్ చెయ్యి మెషిన్ మీదే ఆగిపోయింది. కింద హాల్లో ఇంటర్వెల్ లైట్లు వెలుగుతున్నాయి. ఇంకో ఎనిమిది నిమిషాల్లో ఆట మళ్ళీ మొదలవ్వాలి.

వచ్చినాయన పేరు థియేటర్లో ఎవరికీ తెలీదు. ఏ సినిమాకొచ్చినా బాల్కనీ మొదటి వరసలోనే కూర్చుంటాడని అందరూ 'బాల్కనీగారు' అంటారు. సోమవారం నుంచి ఈ సినిమాకి రోజూ మ్యాట్నీకొస్తున్నాడు.

"మీరు పైకి రాకూడదండీ. మేనేజర్ చూస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"నిన్న ఎనిమిది తర్వాత పది వేశావు. తొమ్మిది మింగేశావు. ఇవాళా అదే పని చేస్తున్నావు."

"సంతలో సీనే కదండీ! అది లేకపోతే కథేమీ ఆగిపోదు."

"కథ నడుస్తుందో ఆగుతుందో చెప్పడానికి నువ్వెప్పుడు డైరెక్టర్‌వయ్యావయ్యా?"

బాల్కనీగారు చేతిలో ఉన్న టిఫిన్ డబ్బాని బల్ల మీద పెట్టి, పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. డబ్బాకి చుట్టిన నీలం గళ్ళ గుడ్డ ముడి వేసింది వేసినట్టే ఉంది.

"సాయంత్రం ఆట నుంచి కొత్త సినిమా. ఈ రీళ్ళన్నీ పెట్టెల్లోకెళ్ళిపోతాయి. అవునా?"

"అవునండీ. లారీ ఆరింటికొస్తుంది."

"అయితే తొమ్మిదోది ఎక్కించు. ఇదే ఆఖరిసారి."

ఆపరేటర్ గోడకున్న చిన్న కిటికీలోంచి కిందికి చూపించాడు. "అదిగో, మూడో తలుపు పక్కన ఖాళీ కుర్చీ. అక్కడ ఒకావిడ కూర్చుంటుందండీ. సోమవారం ఆ సంత సీను రాగానే నోట్లో రుమాలు కుక్కుకుని ఒకటే ఏడుపు. మంగళవారమూ అంతే. సీనవ్వగానే తూలుతూ బయటికెళ్ళి మెట్ల మీద కూలబడిందట. మా ఆవిడ పోయిన కొత్తలో ఆసుపత్రి వీధిలో అడుగే పెట్టేవాణ్ణి కాదు. చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. ఈవిడకి ఆ సంతలో ఏం జరిగిందో ఏమో! పది నిమిషాల రీలు. తీసేస్తే ఒక మనిషి ఏడవకుండా ఇంటికెళుతుంది. ఎవరూ కనిపెట్టలేదు, మీరు తప్ప."

బాల్కనీగారి కోపం పాలపొంగులా చల్లారింది.

"ఆ సంత మా వీధిదేనయ్యా. షూటింగ్ రోజు మా పాప పరిగెత్తుకెళ్ళి గుంపులో నిలబడింది. పసుపు గౌను. చేతిలో ఎర్ర బుడగ. కెమెరా వైపు చెయ్యూపుతుంది. నాలుగు సెకన్లు. ఆ తర్వాత నెలకే జ్వరమొచ్చి పోయింది."

ఆపరేటర్ మెషిన్ మీది పదో రీలు మెల్లగా కిందికి దించాడు.

"చిన్నప్పట్నుంచీ సినిమా పిచ్చి నాకు. మొదటాటలో చచ్చిపోయినవాడు రెండో ఆటకి లేచి నవ్వుతూ వస్తాడు చూడు, ఆ మాయకి పడిపోయాను. అదంతా ఉత్తి వేషమని తెలుసు. కానీ సోమవారం ఆ తెర మీద నా బిడ్డ నాకు చెయ్యూపింది. దాని ఫోటోలున్నాయి, ఒక్కటీ కదలదు."

"ఇంట్లో అమ్మగారికి చూపించలేదా?"

"అమ్మో! ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది. ఏడుపు మానేసింది. మళ్ళీ రేపమంటావా? ఆఫీసుకని చెప్పే వస్తున్నాను. ప్రేమంటే పక్కన కూర్చుని సినిమా చూడటం అనుకునేవాణ్ణి పెళ్ళైన కొత్తలో. ఒక్కణ్ణే చూసి నోరు మూసుకోవడం కూడా ప్రేమేనని ఇప్పుడు తెలిసింది."

ఆపరేటర్ ఒంగి తొమ్మిదో రీలున్న రేకు డబ్బా మూత తీశాడు. "వేస్తానండీ. ఆవిణ్ణి ఆ పది నిమిషాలూ బయట కూర్చోమని గేటువాడితో చెప్పిస్తాను."

"ఏమని చెప్పిస్తావు? నువ్వు ఏడుస్తావు, బయటికి పో అనా?" బాల్కనీగారు లేచి ఆ మూతని మళ్ళీ బిగించాడు. "వద్దులే. ఏడ్చే ఆడమనిషిని ఇంట్లో ఏడాదిపాటు చూశాను. నేను రెండుసార్లు చూసుకున్నాను కదా, చాలు. పదోదే వెయ్యి."

ఆయన మొహం దాచుకోవడానికి మెషిన్ వెనక్కి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆట మొదలవుతుందని బెల్లు మోగింది. అదే సమయంలో ఎవరో తలుపు తట్టారు. ఆపరేటర్ తీశాడు. మెట్లెక్కిన ఆయాసంతో రొప్పుతూ ఒకామె, చేతిలో నలిగిన రుమాలు. మూడో తలుపు పక్కన కూర్చునే ఆవిడే.

"బాబూ, నిన్న సంత సీను తీసేశారేం? ఇవాళైనా వెయ్యండి. మీకు దణ్ణం పెడతాను."

ఆపరేటర్ తెల్లబోయాడు. "మీరు ఏడుస్తున్నారనే తీసేశానమ్మా!"

"ఏడవడానికి నాకింకెక్కడుందయ్యా చోటు? ఇంట్లో ఏడిస్తే ఆయన కుమిలిపోతారు."

ఇంకా ఏదో అనబోయి ఆవిడ ఆగిపోయింది. బల్ల మీద టిఫిన్ డబ్బాకి చుట్టిన నీలం గళ్ళ గుడ్డకి, పొద్దున తన చేత్తో వేసిన ముడి ఇంకా విప్పకుండానే ఉంది.